ఖున్‌యింగ్ కనిత్థా చేసింది దానధర్మమా, హక్కుల పోరాటమా? చివరికి సన్యాసం ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్నారు. సెమినార్‌కి థాయ్‌లాండ్‌లో ఆడవాళ్ళ కోసం పనిచేసిన ఖున్‌యింగ్ కనిత్థా విచియెన్‌చరోన్ జీవితం తీసుకున్నారు. మీ గైడ్ రెండు అభ్యంతరాలు చెప్పారు. బిరుదున్న పెద్దింటావిడ చేసింది దానధర్మమే తప్ప హక్కుల పని కాదన్నది మొదటిది. లాయరుగా, ఆశ్రయ గృహం పెట్టినావిడగా అంత పేరు తెచ్చుకుని, చివరికి గుండు చేయించుకుని తెల్లబట్టలు కట్టుకోవడం వెనకడుగే కదా అన్నది రెండోది. వీటికి ఏం జవాబు చెప్పాలని అడిగారు.

సూటిగా చెప్తాను. రెండు అభ్యంతరాలూ నిలబడవు. ఆవిడ మొదట చట్టం పట్టుకున్నారు. చట్టం మారినా, ఇంట్లోంచి గెంటేసిన మనిషికి ఆ రాత్రికి తలదాచుకునే చోటు దొరకదు కాబట్టి ఆశ్రయం తెరిచారు. అక్కడికి వచ్చేవాళ్ళు ఎక్కణ్ణుంచి, ఎందుకు వస్తున్నారో ఏళ్ళ తరబడి చూశాక మతం దగ్గరికి వెళ్ళారు. సన్యాసం ఆ పనిలో మూడో మెట్టు. ఇది నా అభిప్రాయం. ఎందుకలా అనుకుంటున్నానో వివరంగా చెప్తాను. నేను చాలా ఏళ్ళు ఆడవాళ్ళ ఆశ్రయ గృహాల్లో పనిచేశాను, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి శిక్షణ ఇస్తున్నాను. శిక్షణలో ఈవిడ గురించి తప్పకుండా చెప్తాను.

ముందు బిరుదు సంగతి. ఖున్‌యింగ్ అంటే పుట్టుకతో వచ్చే రాజరికం కాదు. పాతకాలంలో ఫ్రయా హోదా ఉన్న అధికారి భార్యని ఖున్‌యింగ్ అనీ, అంతకంటే పెద్దదైన చావ్ ఫ్రయా హోదా ఉన్నవాళ్ళ భార్యని థాన్‌ఫూయింగ్ అనీ పిలిచేవారు. తర్వాతి కాలంలో ఇవి చులా చొమ్‌క్లావ్ అనే రాజ పురస్కారంతో పాటు పెళ్ళయిన ఆడవాళ్ళకి ఇచ్చే గౌరవాలయ్యాయి. ఆ పురస్కారాన్ని 1873లో ఐదో రాముడిగా పిలిచే చులాలాంగ్‌కోర్న్ రాజు ఏర్పాటు చేశారు. కాబట్టి సెమినార్‌లో ఆవిడని 'రాణి' అనో 'యువరాణి' అనో అనకండి. చాలామంది అక్కడే పొరబడతారు.

మీ గైడ్ అనుమానానికి ఆధారం లేకపోలేదు. అక్కడ గొప్పింటి ఆడవాళ్ళ సేవకి పెద్ద చరిత్రే ఉంది. 1893లో ఫ్రెంచివాళ్ళతో సరిహద్దు ఘర్షణలో సైనికులు గాయపడినప్పుడు, థాన్‌ఫూయింగ్ ప్లియన్ ఫాసకరవోంగ్ అనే ఆవిడ పూనుకుని రాజకుటుంబం అండతో చందాలు పోగుచేయించారు. అప్పుడు పుట్టిన 'ఎర్ర ఉనలోమ్' సంఘమే తర్వాత థాయ్ రెడ్‌క్రాస్ అయింది. గాయపడ్డవాళ్ళకి మందులు, బట్టలు చేరాయి. మంచి పని, అవసరమైన పని. అయితే దేశంలో ఆడదాని స్థితిని అది ప్రశ్నించలేదు. మీ గైడ్ మనసులో ఉన్నది ఈ తరహా సేవే అయ్యుంటుంది. కనిత్థాని ఆ వరుసలో చేరిస్తే మాత్రం అన్యాయం. ఆవిడ న్యాయశాస్త్రం చదివిన మనిషి, మహిళా న్యాయవాదుల సంఘంలో పనిచేసిన మనిషి.

ఆవిడ వయసులో ఉన్నప్పటి చట్టం ఎలా ఉండేదో, అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలిస్తేనే ఇది అర్థమవుతుంది. పెళ్ళాన్ని ఆమె ఒప్పుకోకుండా అమ్ముకునే హక్కుని నాలుగో రాముడిగా పిలిచే మోంగ్‌కుట్ రాజు 1868లో తీసేశారు. అంతకు మూడేళ్ళ ముందు, అంటే 1865లో, ఆమ్‌డేంగ్ మువన్ అనే మామూలు ఇంటి పిల్ల తనకి ఇష్టంలేని పెళ్ళి చేస్తున్నారని ఏకంగా రాజుకే అర్జీ పెట్టుకుని గెలిచింది. ఈ కథ సెమినార్‌లో తప్పకుండా చెప్పండి. అక్కడి ఆడవాళ్ళ హక్కుల చరిత్ర గొప్పిళ్ళలోనే మొదలు కాలేదని చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు దొరకదు.

1932లో రాచరికపు పెత్తనం పోయి రాజ్యాంగం వచ్చినప్పుడు ఆడవాళ్ళకి మగవాళ్ళతో పాటే ఓటు వచ్చింది. 1935లో వచ్చిన కుటుంబ చట్టం ఒక్క భార్యనే రిజిస్టరు చేసుకోవాలంది. పైకి చూస్తే ఎంతో ముందడుగు. అదే చట్టంలో ఇంటికి యజమాని భర్త. ఇద్దరి ఆస్తినీ చూసుకునేది ఆయనే. భార్య ఉద్యోగం చేయాలన్నా ఆయన ఒప్పుకోవాలి. ఓటు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆఫీసుకి వెళ్ళడానికి మాత్రం కావాలి! ఇక 'మియా నోయ్' అని పిలిచే రెండో ఆడది రిజిస్టరులో లేకపోయినా లోకంలో ఉంటూనే ఉంది. ఏ రక్షణా లేకుండా ఉంది.

1973 అక్టోబరులో విద్యార్థుల తిరుగుబాటుతో సైనిక ప్రభుత్వం పడిపోయాక 1974 రాజ్యాంగంలో స్త్రీ పురుషులు సమానమన్న మాట చేరింది. ఆ మాటని పట్టుకుని 1976లో కుటుంబ చట్టాన్ని సవరించారు. ఆస్తి వ్యవహారాల్లో భార్యకి భర్తతో సమానంగా చోటు వచ్చింది, ఉద్యోగానికి అనుమతి అడగాల్సిన ఖర్మ పోయింది. ఇది ఊరికే వచ్చింది కాదు. ఆవిడ లాంటి చదువుకున్న లాయరమ్మలు ఏళ్ళ తరబడి సెక్షన్ వెంట సెక్షన్ ఎత్తి చూపిస్తే వచ్చింది. దీన్ని దానధర్మం అని ఎలా అంటాం?

ఇక ఆశ్రయం. 1980ల మొదట్లో ఆవిడ బ్యాంకాక్‌లో అత్యవసర గృహం తెరిచారు. థాయ్ భాషలో 'బాన్ ఫక్ చుక్‌చన్' అంటారు. దాన్ని నడిపేందుకు మహిళల స్థాయి పెంపు సంఘం ఏర్పడింది. తర్వాత డాన్ మ్యూయాంగ్ విమానాశ్రయం వైపు పెద్ద ఆవరణగా పెరిగింది. దెబ్బలు తిని వచ్చినవాళ్ళు, అత్యాచారానికి గురైనవాళ్ళు, పెళ్ళికాకుండా గర్భవతులైన పిల్లలు, తర్వాత రోజుల్లో హెచ్ఐవీ సోకిన తల్లులు, వాళ్ళ బిడ్డలు, అందరికీ అక్కడ చోటుంది. పని నేర్పే కేంద్రం, పరిశోధన విభాగం కూడా పెట్టారు. ఈ పరిశోధన విభాగం గురించి సెమినార్‌లో నొక్కి చెప్పండి. అన్నం పెట్టి పంపేద్దామనుకునేవాళ్ళు పరిశోధన విభాగం పెట్టరు.

ఆశ్రయంలో పనిచేయని వాళ్ళకి ఆశ్రయానికీ చట్టానికీ ఉన్న ఈ సంబంధం చెప్తే తేలిగ్గా ఎక్కదు. నేను చూసింది చెప్తాను.

రాత్రి పదకొండు దాటాక ఒకావిడ వస్తుంది. చంకలో బిడ్డ, చేతిలో క్యారీబ్యాగు, అందులో రెండు జతల బట్టలు, రేషన్ కార్డు. పెదవి చిట్లి ఉంటుంది. కొత్తగా చేరిన కౌన్సెలర్ వెంటనే 'కేసు పెడదామా అమ్మా' అంటుంది. ఆవిడ తలెత్తదు. 'పాపకి పాలు దొరుకుతాయా?' అంటుంది. కాసేపాగి, 'ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవచ్చా?' అంటుంది. ఆ ఫోన్‌లో మొగుడి మెసేజ్‌లు ఉంటాయి, పెద్ద కొడుకు అక్కడే ఉండిపోయాడన్న టెన్షన్ ఉంటుంది. మూడో రోజో నాలుగో రోజో నోరు విప్పుతుంది. అప్పుడు తెలుస్తుంది, స్టేషన్‌కి అంతకు ముందే వెళ్ళిందనీ, 'సర్దుకుపోమ్మా' అని పంపించేశారనీ. పెద్దమనుషులు కూర్చుని ఒక కాగితం మీద ఇద్దరి చేతా సంతకం పెట్టించారనీ, ఆ కాగితం ఆమె దగ్గర లేదనీ. ఇలాంటివి రిజిస్టరులో పేజీ తర్వాత పేజీ చేరుతుంటే చట్టం ఎక్కడ కాగితం మీద ఆగిపోతోందో ఎవరూ చెప్పకుండానే కనబడుతుంది. ఆశ్రయ గృహం రిజిస్టరు కంటే మంచి సాక్ష్యం ఏ మంత్రి టేబుల్ మీదా ఉండదు. లాయరు ఆశ్రయం నడిపితే వచ్చే లాభం ఇదే. కనిత్థాకి ఆ రెండు చేతులూ ఉన్నాయి.

మన దగ్గర దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని చూడండి. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, లా చదివారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆవిడ చేసింది సేవా, హక్కులా అని ఎవరైనా అడిగితే మనం ఏం చెప్తాం? మీ గైడ్‌ని ఇదే అడగండి.

ఇప్పుడు రెండో అభ్యంతరం. అసలు విషయం ఇక్కడుంది.

అప్పట్లో బ్యాంకాక్‌లో చిక్కుకుపోయిన ఆడపిల్లల్లో చాలామంది ఉత్తరాది కొండ జిల్లాల నుంచో, ఈశాన్యపు మెట్ట పల్లెల నుంచో వచ్చినవాళ్ళు. 1984 జనవరిలో ఫుకెట్‌లో ఒక వ్యభిచార గృహం తగలబడితే, బయటికి రాకుండా బంధించి ఉంచిన ఐదుగురు అమ్మాయిలు లోపలే కాలిపోయారు. దేశం ఉలిక్కిపడింది. వాళ్ళు ఉత్తరాది పేద ఇళ్ళ పిల్లలు. ఫయావ్, చియాంగ్ రాయ్ లాంటి రాష్ట్రాల్లో 'తోక్ ఖియావ్' అనే పద్ధతి నడిచేది. పంట పచ్చిగా ఉండగానే షావుకారు వచ్చి అడ్వాన్సు ఇచ్చినట్టు, పిల్ల ఆరో తరగతి చదువుతుండగానే ఏజెంటు వచ్చి తండ్రి చేతిలో డబ్బు పెట్టేవాడు. తప్పనిసరి చదువు అప్పట్లో ఆరేళ్ళే. చదువు అయిపోగానే పిల్లని తీసుకుపోయేవాడు. ఆ డబ్బుతో ఇల్లు కట్టేవాళ్ళు, అప్పు తీర్చేవాళ్ళు.

తల్లిదండ్రులు రాక్షసులా? కారు. పిల్లలు కూడా ఏడుస్తూనే అయినా వెళ్ళేవారు, నెలనెలా డబ్బు పంపేవారు. ఎందుకు? పేదరికం ఒక్కటే కారణమైతే కొడుకులూ అదే పని చేయాలి కదా! అక్కడ కొడుక్కి ఇంకో దారి ఉంది. యుక్తవయసు వచ్చాక కొన్నాళ్ళు, ఎక్కువగా వానాకాలం మూడు నెలలు, కాషాయం కట్టి విహారంలో ఉంటే తల్లికి పుణ్యం దక్కుతుంది, కన్నవాళ్ళ ఋణం తీరుతుంది. తల్లి అతని కాషాయపు చెంగు పట్టుకుని స్వర్గానికి వెళ్తుందని వాళ్ళ నమ్మకం. కూతురికి ఆ దారి మూసేశారు. థాయ్‌లాండ్‌లో ఆడవాళ్ళకి భిక్షుణి దీక్ష, అంటే పూర్తి సన్యాసం, లేదు. 1928లో ఇద్దరు అక్కచెల్లెళ్ళకి ఆ దీక్ష ఇప్పిస్తే, ఏ భిక్షువూ ఆడవాళ్ళకి దీక్ష ఇవ్వకూడదని అక్కడి భిక్షువులందరికీ పెద్ద అయిన సంఘరాజు ఆజ్ఞ జారీచేశారు. ఇక కూతురు కన్నవాళ్ళ ఋణం తీర్చుకోవాలంటే మిగిలింది డబ్బు పంపడమే. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఊళ్ళో ఎవరూ గట్టిగా అడగరు.

ఈ పిల్లలకి ఆశ్రయంలో కుట్టుమిషను నేర్పించి తిరిగి పంపిస్తే ఏమవుతుంది? కుట్టుమిషను సంపాదనతో ఆ ఋణం తీరదు. మన దగ్గర కూడా, ఎన్ని శిక్షణలు ఇచ్చినా 'నావల్ల ఇంటికి మచ్చ వచ్చింది' అన్న మాట మనసులోంచి పోని పిల్ల మళ్ళీ అదే ఊబిలోకి వెళ్ళిపోవడం నా కళ్ళతో చూశాను. కౌన్సెలింగ్‌లో మనం ఆమె ఒక్కదాని మనసుతో మాట్లాడతాం. ఆమె మనసులో మాట్లాడుతున్నది మాత్రం ఊరూ, గుడీ, నానమ్మా.

అందుకే 1990లలో, డెబ్భై దాటిన వయసులో, కనిత్థా 'మే చీ' అయ్యారు. మే చీ అంటే గుండు చేయించుకుని, తెల్లబట్టలు కట్టి, ఎనిమిది శీలాలు (బౌద్ధ నియమాలు) పాటించే స్త్రీ. పూర్తి సన్యాసినిగా లెక్క లేదు, గృహిణిగానూ లెక్క లేదు. చాలా విహారాల్లో వాళ్ళ పని వంట చేయడం, ఊడవడం. బస్సుల్లో భిక్షువులకి ఉన్న సౌకర్యం వీళ్ళకి ఉండేది కాదు, ఎందుకంటే వీళ్ళు సన్యాసులు కారు. ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సన్యాసులే అని పక్కన పెట్టేవారు. మొగుడు చచ్చినవాళ్ళో, ప్రేమలో దెబ్బతిన్నవాళ్ళో, ఎవరూ లేనివాళ్ళో ఆ తెల్లబట్టలు కడతారని జనంలో చిన్నచూపు. అలాంటి చోటికి బిరుదూ, చదువూ, పలుకుబడీ ఉన్న ఒక లాయరమ్మ వెళ్ళి కూర్చున్నారు. విశ్రాంతి కోసం వెళ్ళేవాళ్ళు ఇంత తక్కువ చూపు చూసే చోటుని ఎంచుకోరు.

వెళ్ళి ఊరికే కూర్చోలేదు. మే చీలకి చట్టంలో ఒక స్థానం కల్పించే బిల్లు కోసం ప్రయత్నించారు. 1999లో నఖోన్ రాచసిమా రాష్ట్రంలోని పాక్ థోంగ్ చాయ్‌లో మహాపజాపతి థేరీ కళాశాల మొదలవడానికి ఆవిడే ముఖ్య కారణం. థాయ్‌లాండ్‌లో ఆడవాళ్ళ కోసం పెట్టిన మొదటి బౌద్ధ కళాశాల అది. బుద్ధుణ్ణి పెంచిన తల్లి, మొదటి భిక్షుణి అయిన మహాప్రజాపతి గౌతమి పేరే దానికి పెట్టారు. పేద ఇంటి కొడుకు విహారంలో చేరితే ఉచితంగా పాళీ, ఆపైన డిగ్రీ దాకా చదువుకోవచ్చు. ఎందరో థాయ్ మగపిల్లలు అలాగే పైకొచ్చారు. అదే దారి ఆడపిల్లకి తెరవాలన్నది ఆ కళాశాల ఉద్దేశం. ఆరో తరగతి అయిపోయిన పిల్లకి ఏజెంటు కాకుండా ఇంకో గమ్యం ఉండాలి. ఆ గమ్యం గౌరవమైనదై ఉండాలి, కన్నవాళ్ళకి పుణ్యం తెచ్చేదై ఉండాలి. నాకు ఇందులో వెనకడుగు కనబడదు.

ఇప్పుడు కొన్ని జాగ్రత్తలు. వీటిని వదిలేస్తే మీ పేపరు పొగడ్తగా మిగిలిపోతుంది.

ఆవిడ ఒక్కరే చేశారని రాయకండి. 1980లలో అక్కడ ఎన్నో సంఘాలు పుట్టాయి. ఫుకెట్ ఘటన తర్వాత ఆడపిల్లల రవాణా మీద పనిచేసిన 'ఫౌండేషన్ ఫర్ విమెన్' లాంటివి వేరే దారిలో నడిచాయి. 1993లో తొంభై రోజుల ప్రసూతి సెలవు వచ్చిందంటే దాని వెనక ఫ్యాక్టరీ ఆడవాళ్ళ ఆందోళన ఉంది. 1996లో వ్యభిచార నిరోధక చట్టాన్ని మార్చి, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల దగ్గరికి వెళ్ళే విటుడికీ, పిల్లని అమ్మిన కన్నవాళ్ళకీ శిక్ష పెట్టారు. అది కూడా ఇందరి ఒత్తిడి ఫలితం.

పెద్దింటావిడ కావడం వల్ల ఆవిడకి మంత్రుల తలుపులు తెరుచుకున్నాయన్నది నిజం. ఆశ్రయానికి చందాలు కూడా అలాగే వచ్చి ఉంటాయి. దీన్ని దాచాల్సిన పనిలేదు. నా లెక్కలో చూడాల్సింది ఒక్కటే, ఆ తలుపు తెరుచుకున్నాక లోపలికి వెళ్ళి ఏం అడిగారని. ఆవిడ భవనానికి గ్రాంటు అడిగి ఊరుకోలేదు, చట్టం మార్చమన్నారు. మన జిల్లాల్లో ఆశ్రయ గృహాల కమిటీల్లో పెద్ద హోదా ఉన్నవాళ్ళని చాలామందిని చూశాను. వార్షికోత్సవానికి చీరలు పంచి ఫోటో దిగేవాళ్ళూ ఉంటారు, కలెక్టరు దగ్గర కూర్చుని 'ఈ ఆవిడకి ప్రొటెక్షన్ ఆర్డర్ వచ్చి ఆరు నెలలైంది, అమలు ఎందుకు కాలేదు' అని నిలదీసేవాళ్ళూ ఉంటారు. రెండో రకం వాళ్ళు తక్కువ. దొరికితే వాళ్ళని వదులుకోకూడదు.

మూడోది, మే చీ దారి ఒక్కటే సరైనదని ఆ దేశంలో అందరూ ఒప్పుకోరు. విశ్వవిద్యాలయంలో బౌద్ధం బోధించిన చత్సుమార్న్ కబిల్‌సింగ్ 2003లో శ్రీలంక వెళ్ళి పూర్తి భిక్షుణి దీక్ష తీసుకుని ధమ్మనంద అయ్యారు. నఖోన్ పథోమ్‌లో ఆవిడ ఆరామం ఉంది. ఆవిడ వాదం ప్రకారం తెల్లబట్టల దగ్గర ఆగిపోతే అర్ధ స్థానంతో సర్దుకున్నట్టే. కనిత్థా 2002లో పోయారు కాబట్టి ఈ మలుపు చూడలేదు. నాకు ధమ్మనంద వాదంలో బలం ఉందనిపిస్తుంది. అయినా వేల మంది మే చీలు అప్పటికే ఉన్నారు, వాళ్ళకి ఆ రోజుకి చదువు కావాలి. ఆ పని ఎవరో ఒకరు చేయాలి.

ఆ తర్వాత చట్టాలు ఇంకా కదిలాయి. పెళ్ళయితే భర్త ఇంటిపేరే పెట్టుకోవాలన్న నిబంధన రాజ్యాంగ విరుద్ధమని 2003లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది, 2005లో చట్టం మారింది. 2007లో గృహహింస బాధితుల రక్షణ చట్టం వచ్చింది. అదే ఏడాది భర్త చేసే బలాత్కారం కూడా నేరమైంది. ఈ రెండోది మన దగ్గర ఇంకా రాలేదని గుర్తుపెట్టుకోండి. 2016లో చదువుకునే వయసులో గర్భం వచ్చిన పిల్ల బడి మానక్కర్లేదని చట్టం చేశారు. డాన్ మ్యూయాంగ్ ఆవరణలో కడుపుతో వచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నవాళ్ళకి ఈ చట్టం విలువ మనకంటే బాగా తెలుస్తుంది.

భిక్షుణి సంఘాన్ని మాత్రం థాయ్ సంఘ పెద్దలు ఇప్పటికీ గుర్తించలేదు. మీ సెమినార్‌లో చట్టాల భాగం పది నిమిషాల్లో ముగించి, ఈ సన్యాసం భాగానికి ఎక్కువ టైమ్ ఉంచుకోండి. ప్రశ్నలన్నీ దాని మీదే వస్తాయి. ఋణం సంగతి, 1928 ఆజ్ఞ, 1999 కళాశాల, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి చెప్తే మీ గైడ్ అడిగిన రెండో ప్రశ్నకి వేరే జవాబు వెతుక్కోనక్కర్లేదు.